జీపు వైపర్‌తో పాప్‌కార్న్

ఆదోని పాత బస్టాండు వెనక సందులో ప్రాణేశ్ షాపు ఉంది. షట్టరు సగం దాకానే లేస్తుంది, కాబట్టి ఎంత పెద్దమనిషైనా వంగి లోపలికి పోవాల్సిందే. లోపల పాత పాప్‌కార్న్ మిషన్లు ఉంటాయి. మూతబడ్డ సినిమా హాళ్లవి కొన్ని, పెళ్లిళ్లలో స్టాళ్లు పెట్టేవాళ్లవి కొన్ని. గ్రైండర్లు, మిక్సీలు కూడా బాగుచేస్తాడు గానీ, అవి కడుపు కోసం. ప్రాణం మాత్రం పాప్‌కార్న్ మిషన్ల మీదే.

వాళ్లది మంత్రాలయంలో మఠం సేవ చేసే కుటుంబం. తండ్రి సేతుమాధవరావు కొడుకును కూడా అదే సేవలో పెట్టాలనుకున్నాడు. ఒకసారి వంటశాలలో పెద్ద గ్రైండరు ఆగిపోతే, సంధ్యావందనం మధ్యలో లేచిపోయి ప్రాణేశ్ దాన్ని విప్పేశాడు. మళ్లీ బిగించాక గ్రైండరు తిరిగింది. చేతిలో మాత్రం రెండు నట్లు మిగిలాయి.

"ఇవెక్కడివిరా?" అన్నాడు తండ్రి.

"కంపెనీవాళ్లు ఎక్కువ పెట్టినారప్పా."

వీడు మంత్రాలకు దక్కడని సేతుమాధవరావుకు ఆ రోజే తెలిసిపోయింది.

వృత్తి మారినా ప్రాణేశ్ నియమం మారలేదు. ఇంటి తిండి తప్ప ఇంకేదీ ముట్టడు. ఊళ్లో సగం పాప్‌కార్న్ అతని చేతి చలవతోనే పేలుతుంది గానీ, దాని రుచేమిటో అతనికి తెలియదు. బాగుచేసిన మిషన్‌ను పరీక్షించాలంటే పక్కన పంక్చర్లు వేసే మద్దయ్యను పిలుస్తాడు.

"ఎట్లుంది మద్దయ్యా?"

"ఇంగొక గిన్నె ఏస్తే సెప్తా సామీ."

మద్దయ్య ఎన్నడూ ఒక్క గిన్నెతో తీర్పు చెప్పిన పాపాన పోలేదు.

శ్రావణమాసం మొదలయ్యే ముందు, కోసిగి నుంచి ఉచ్చీరప్ప ఒక మిషన్‌ను ఆటోలో తెచ్చాడు. రోగిని తెచ్చినట్టు బొంత చుట్టి, పక్కన కూర్చుని, దారంతా పట్టుకుని మరీ తెచ్చాడు.

"సామీ, గిన్నె కాగుతాంది. లోపల కలిపే రెక్క తిరగల్యా. గింజలన్నీ అడుగంటి మాడిపోతాండాయి."

ఉచ్చీరప్ప, అతని భార్య అంతకుముందు ఏటా సుగ్గికి పోయేవాళ్లు. వానల్లేక, పనుల్లేక మూటలు కట్టుకుని వలసపోవడమే ఆ సుగ్గి. బెంగళూరులో ఒక పాత సినిమా హాలు పడగొట్టే పనిలో ఉన్నప్పుడు అతనికి ఈ మిషన్ దొరికింది. అప్పటినుంచి మొగుడూ పెళ్లాం తిరునాళ్లు తిరుగుతూ ఊళ్లోనే బతుకుతున్నారు.

"ఇది నిలిసిపోతే మళ్లా మూట ఎత్తుకోవాల సామీ," అన్నాడు. "ఉరుకుంద ఈరన్న తిరునాళ దగ్గరకొచ్చింది."

ప్రాణేశ్ మోటారు విప్పాడు. లోపలి ప్లాస్టిక్ చక్రానికి ఒక్క పన్నూ మిగల్లేదు. హైదరాబాదులో మిషన్లు అమ్మేవాళ్లకు ఫోన్ చేశాడు. ఆ మోడల్ నిలిపేసి చానా ఏళ్లయింది, కొత్త మిషన్ తీసుకోండి సార్, అంది అవతల ఒక అమ్మాయి. ప్రాణేశ్ మనసు చివుక్కుమంది.

"ఇంట్లో ముసలాయనకు పండ్లూడిపోతే ముసలాయన్నే మార్చుకోమంటావా తల్లీ?" అన్నాడు.

ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత అతని కన్ను గోపాలయ్య చీరల అంగడి మీద పడింది. అద్దాల వెనక పట్టుచీర కట్టుకుని గుండ్రంగా తిరిగే బొమ్మ ఉంది అక్కడ. గోపాలయ్యను బతిమాలి, బొమ్మ కాళ్ల కింద మోటారు ఊడదీసి తెచ్చి బిగించాడు. రెక్క తిరిగింది, కానీ చీర కుచ్చిళ్లు చూపిస్తున్నంత నిదానంగా తిరిగింది. అది ఒక చుట్టు వచ్చేలోగా గింజలు బొగ్గులయ్యాయి. మద్దయ్య వాటిని కూడా తిని, "కొంచెం సేదుండాయి," అన్నాడు. మోటారు తిరిగి బొమ్మ కాళ్ల కిందికి పోయింది.

ఈలోగా తిరునాళ వచ్చేసింది. ఉచ్చీరప్ప ఆగలేక, మోటారు లేని మిషన్‌నే ఉరుకుందకు తీసుకుపోయి స్టాలు పెట్టుకున్నాడు. ప్రాణేశ్ ఎమ్మిగనూరు బస్సెక్కాడు. అక్కడ సుబ్బన్న గుజిరీ అంగడిలో పాత జీపు ముక్కల నుంచి కుట్టుమిషన్ చక్రాల దాకా అన్నీ కుప్పలుగా పడుంటాయి. ఉండటం వేరు, సుబ్బన్న ఇవ్వడం వేరు.

"అన్నా, ఆ జీపు వైపర్ మోటారు ఇయ్యి."

"దాన్తో నాకు పనుండాది."

"ఏం పని?"

"ఇంగా తెలీదు. తెలిసినప్పుడు ఉండల్ల గదా?"

ప్రాణేశ్ చేతులు దులుపుకున్నాడు. లేచి వెళ్తూ, "సరేన్నా. ఉరుకుందలో ఆయప్ప ఎదురుచూస్తా ఉంటాడు, పోయి లేదని సెప్తా," అన్నాడు.

"ఉరుకుందనా! ఈరన్న తాతకా?" సుబ్బన్న గభాల్న లేచాడు. స్వామికి కాదు, స్వామి తిరునాళలో పాప్‌కార్న్‌కు అని ప్రాణేశ్ నిజాయితీగా వివరించబోయాడు గానీ వినేవాళ్లెవరు? సుబ్బన్న మోటారును గుడ్డతో తుడిచి, కళ్లకద్దుకుని, రెండు చేతులా అందించాడు.

ఉరుకుందలో బస్సులు దిగుతున్న జనం, డప్పులు, దుమ్ము. ప్రాణేశ్ పంచె ఎగ్గట్టి మిషన్ మీదికెక్కాడు. గిన్నె వేడికి జనరేటర్ కరెంటు, వైపర్ మోటారుకు ఒక ఆటో బ్యాటరీ. అంతా కుదిరింది, ఒక్క చిక్కు తప్ప. వైపర్ మోటారుకు రెండు వైర్లుంటాయి. చినుకులప్పుడు నెమ్మదిగా తిరగడానికి ఒకటి, జోరువానలో వేగంగా తిరగడానికి ఇంకొకటి. ఎండకు రెండింటి రంగూ ఒకటే అయిపోయింది. ప్రాణేశ్ కులదైవాన్ని తలుచుకుని ఒకటి కలిపాడు.

అది జోరువాన వైరు.

మొదట్లో ఎవరికీ తెలియలేదు. గింజలు పేలడం మొదలయ్యాక గిన్నె మూత ఎగిరిపోయింది. ముందరి అద్దం ఎప్పుడో పగిలిపోయినా ఉచ్చీరప్ప కొత్తది వేయించనే లేదు. రెక్క విసిరిన విసురుకు పాప్‌కార్న్ తెల్లగా లేచి, స్టాలు దాటి, గుడికి పోయే జనం నెత్తిన వడగళ్లలా కురిసింది.

"ఆపప్పా! బ్యాటరీ పీకు!" అని ప్రాణేశ్ అరుస్తున్నాడు. డప్పుల్లో ఆ మాట ఉచ్చీరప్పకు వినపడలేదు.

వరసలో నిలబడ్డ సావిత్రమ్మ అనే ముసలామె కొంగులో ఒక పాప్‌కార్న్ పడింది. ఆమె ఆకాశం వైపు చూసింది. దాన్ని కళ్లకద్దుకుని, "ఈరన్న తాతా, నా తావుకే పంపిస్తివా!" అని నోట్లో వేసుకుంది. అంతే. ఆమె వెనకవాళ్లు కొంగులు పట్టారు, వాళ్ల వెనకవాళ్లు తువ్వాళ్లు పరిచారు. గాల్లో పట్టుకోలేని వాళ్లు పొట్లాలు కొనుక్కోవడానికి స్టాలు మీద పడ్డారు.

ప్రాణేశ్ చేతులడ్డం పెట్టి, "అమ్మా, ఇది ప్రసాదం కాదు! వైరు తప్పు!" అని గొంతు చించుకున్నాడు.

"అట్లనగూడదు సామీ, కండ్లు పోతాయి," అని సావిత్రమ్మ మందలించింది.

కాస్త సందు దొరకగానే ప్రాణేశ్ స్క్రూడ్రైవర్ తీశాడు. ఉచ్చీరప్ప అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం సేస్తాండావు సామీ?"

"వైరు మారుస్తా. నిదానంగా తిరుగుతుంది."

"ముట్టొద్దు!"

"నా పనితనం పోతాంది గదప్పా! చూసినోళ్లు ప్రాణేశ్ చేసిన రిపేరు ఇదేనా అంటారు."

"ఈ జన్మకు ఇంతకన్న మంచి రిపేరు సెయ్యలేవు సామీ. నా మాటిని దిగు."

సాయంత్రం దాకా వాదించి ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. రెండు వైర్లకూ కలిపి ఒక స్విచ్. మామూలుగా చినుకుల స్పీడే నడవాలి. జనం పలచబడినప్పుడు మాత్రం, వాళ్లను మళ్లీ లాగడానికి, కాసేపు జోరువాన. కొత్త అద్దం వేయించాలన్న ప్రాణేశ్ షరతుకు ఉచ్చీరప్ప తల ఊపాడు గానీ, అది ఏ వైపు ఊపాడో తెలియలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చిన ప్రాణేశ్ నోట జరిగిందంతా విని అతని భార్య వైదేహి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "అది నవ్వే సంగతి కాదే," అని ప్రాణేశ్ ముఖం మాడ్చుకున్నాడు. అన్నం మధ్యలో సావిత్రమ్మ మందలింపు గుర్తొచ్చి అతనికే పొలమారింది.

ఆ ఏడు కూడా ఉచ్చీరప్ప సుగ్గికి పోలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు షట్టరు కింద నుంచి ఇద్దరు మనుషులు వంగి వచ్చారు. వెంట ఒక పాప్‌కార్న్ మిషన్. ప్రాణేశ్ స్విచ్ వేసి చూశాడు. గిన్నె కాగింది, రెక్క చక్కగా తిరిగింది, ఏ చప్పుడూ లేదు.

"ఇది సరిగానే ఉంది గదప్పా. నా దగ్గరికెందుకు తెచ్చినారు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన మిషన్ ముందరి అద్దాన్ని ఊడదీసి పక్కన పెట్టాడు.

"సరిగా ఉండాదనే తెచ్చినాం సామీ."