డోర్కస్ తెరిచిన గేటు

డోర్కస్ హీత్‌కోట్‌కి తన కళ్ళముందు తోలు ఎండిపోతే ప్రాణం ఒప్పేది కాదు. పెళ్ళయిన నాటినుంచీ ప్రతి శనివారం సాయంత్రం, మొగుడి బండిగుర్రాల జీనుతోళ్ళు వంటింటి బల్లమీద పరిచి, పశువుల గిట్టలు ఉడకబెట్టి తీసిన నూనె పట్టించి మెత్తబడేదాకా రుద్దేది. డెర్బీషైర్ కొండల్లో బండివాళ్ళ ఆడవాళ్ళందరూ చేసే పనే, కానీ ఈమెకి అదో పిచ్చి.

తర్వాత ఆమె మొగుడు ఈనక్ గుర్రాలు అమ్మేసి, వార్డల్ అనేవాడి షెడ్డులో మోటారు కార్ల బ్రేకులు పరీక్షించే పనికి కుదిరాడు. చక్రాన్ని ఒరిసి పట్టే బ్రేకుకి ఒక్కోసారి ఒక్కో రకం తోలుపట్టీ బిగించి, కారుని కొండమీంచి దింపి, ఆగుతుందో లేదో చూడాలట! ఆగకపోతే కింద రాతిగోడ, దాని వెనక ఏరు. ఇదీ ఒక ఉద్యోగమేనా? డోర్కస్‌కి ముద్ద దిగేది కాదు.

"గుర్రానికైతే ప్రాణభయం ఉంటుందయ్యా, ఆ ఇనప్పెట్టెకి ఏముంది?"

"నువ్వొక్క కేక పెడితే చాల్లేవే, అదే ఆగుతుంది" అని నవ్వేవాడు.

ఒక శనివారం ఈనక్, సోమవారం పరీక్షకి బ్రేకులో బిగించాల్సిన కొత్త తోలుపట్టీలు బల్లమీద పడేసి బీరు తాగడానికి పోయాడు. చెక్కలా బిరుసుగా ఉన్నాయవి. ఈ ఎండుతోలు నమ్ముకునా మా ఆయన కొండ దిగేది అనుకుంది. రెట్టింపు నూనె పట్టించి, పైన తుడిచి, ఇంకడానికి వదిలేసింది. వెక్కిరిస్తాడని చెప్పలేదు.

సోమవారం ఊరంతా బట్టలుతికే రోజు. డోర్కస్ నూనెడబ్బా అరలో సర్ది, ఆ చేత్తోనే బట్టలు పిండే యంత్రం పిడి పట్టుకుంది. జారింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. జిడ్డు అరచేతివంక చూసుకుంది. బ్రేకు చేయాల్సిన పని పట్టుకోవడమే కదా!

"ఓరి దేవుడా, నా చేతులు పడిపోనూ!"

తడిబట్టలు అక్కడే వదిలేసి కొండవైపు పరుగెత్తింది. "ఇల్లంటుకుందా ఏమే?" అని పక్కింటి కెజియా అరిచినా వినిపించుకోలేదు. కొండ కింద వార్డల్ జెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు. కారు అప్పటికే బయల్దేరింది.

"ఆపండయ్యా! ఆ తోలుకి నూనె పూశాను!"

"ఆపేదెవరమ్మా ఇప్పుడు?" వార్డల్ మొహం పాలిపోయింది.

కారు అంతకంతకూ వేగమందుకుంటోంది. ఈనక్ బ్రేకుపిడిమీద ఒళ్ళంతా వేసి లాగుతున్నాడు, ఏం లాభం? గోడ పక్కనే కోతకొచ్చిన గడ్డిచేను, పైకి వాలుగా ఉంది. ఆ లోయలో పరాయివాడి గడ్డిచేను గేటు తీసినవాణ్ణి దొంగకన్నా హీనంగా చూస్తారు. డోర్కస్ గడియ ఎత్తి గేటుని బార్లా తోసి, నడుముకి కట్టుకున్న తెల్ల ఏప్రాను విప్పి, ఇటు తిప్పమని పిచ్చిదానిలా ఊపింది. కారు గేటులోంచి చేలోకి తిరిగి, గడ్డిని తొక్కుకుంటూ పైకెక్కి, అక్కడ ఆగింది.

ఈనక్ దిగాడు. ఆమె దగ్గరికి నడిచొచ్చాడు.

"గేటు తీసింది నువ్వా?"

"నేనే. నూనె పూసిందీ నేనే."

ఈనక్ ఆమె జిడ్డు చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు.

ఆ తర్వాత డోర్కస్ ఏ సోమవారమూ బట్టలుతకలేదు. చేను ఆసామి తిట్టినా, ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వినా, పరీక్ష ఉన్న ప్రతిరోజూ పోయి గేటు తెరిచి పట్టుకుని నిలబడేది. కొండమీద ఈనక్ కూడా, కింద ఆ తెల్ల ఏప్రాను కనిపించేదాకా కారు కదిలించేవాడు కాదు.