ఆకుపచ్చ కన్ను రేడియో

మీ అమ్మా నాన్నా పొద్దుటి నుంచి ఆ టీవీ ముందు నిలబడి బాగు చేయిద్దామా, కొత్తది కొందామా అని వాదించుకుంటున్నారు చూడు, ఆ మాటలు వింటుంటే నాకు మా అత్తగారి రేడియో గుర్తొస్తోంది. రాసుకుంటానంటే చెప్తాను తల్లీ. మధ్యలో ఫోను చూడకు మరి.

అరవైల్లో మాట. అప్పుడు మా కాపురం జగ్గయ్యపేటలో. ముందు వైపు కొట్టు, వెనక ఇల్లు. మిరపకాయలు, కందులు, పెసలు కొని అమ్మేవాళ్ళం. మిరప ఘాటుకి కొత్తలో నేను రోజంతా తుమ్ముతూనే ఉండేదాన్ని. మామగారు పోయాక కొట్టు మా అత్తగారే చూసుకునేవారు. మీ తాతగారు ఊళ్ళ మీద తిరిగి సరుకు చూసి వచ్చేవారు కానీ, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది మాత్రం ఆవిడే. మా బావగారు, అంటే మీ తాతగారి అన్నగారు, నందిగామలో వేరే కొట్టు పెట్టుకున్నారు.

ఆ రేడియో మామగారు బెజవాడ నుంచి తెచ్చింది. చెక్క పెట్టె, చిన్నపాటి పందిరి మంచమంత బరువు. ముందు బంగారు రంగు గుడ్డ, దాని పైన గాజు పలక మీద అంకెలు, ఆ పక్కన గుండ్రంగా ఒక ఆకుపచ్చ కన్ను. స్విచ్చి వేసిన వెంటనే పలికేది కాదు. లోపల వాల్వులు వేడెక్కాలి. అప్పుడు ఆ కన్ను మెల్లగా వెలిగేది. స్టేషను సరిగ్గా దొరికితే కన్ను రెప్పలు దగ్గరికి వచ్చి మూసుకున్నట్టయ్యేవి, పక్కకి పోతే విచ్చుకునేవి. అది ఏమిటో తెలియక మొదట్లో నాకు దాన్ని చూస్తే భయం వేసేది.

ఇప్పుడు అసలు సంగతి చెప్తా. మా అత్తగారికి చెవులు వినపడవు. ఈ సంగతి ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసనుకునేదాన్ని.

కాపురానికి వచ్చిన కొత్తలో వెనక నుంచి పిలిస్తే పలికేవారు కాదు. అత్తగారి దర్జా అనుకున్నాను. ఒకరోజు నా చేతిలోంచి ఇత్తడి బిందె జారి, ఆవిడ వెనకే గచ్చు మీద దడదడమంటూ దొర్లింది. ఆ చప్పుడుకి వీధిలో పోయేవాళ్ళు కూడా లోపలికి తొంగి చూశారు. ఆవిడ మాత్రం తల ఎత్తకుండా పెసలు ఏరుకుంటూనే ఉన్నారు. ఆ తర్వాత గమనిస్తే, ఎదుటి మనిషి పెదాల మీదే ఆవిడ చూపంతా. ఎదురుగా ఉండి మాట్లాడితే ఒక్క ముక్క తప్పిపోదు. కొట్టుకి వచ్చిన రైతు గల్లాపెట్టెకి ఎదురుగానే నిలబడతాడు కాబట్టి బేరానికి ఇబ్బంది లేదు.

మరి రేడియో ఎలా వినేవారు అంటావా? ఆ కన్ను చూసుకుంటూ స్టేషను పెట్టేవారు. పెట్టాక, నడుం నొప్పి అని చెప్పి పెట్టెని ఆనుకుని కూర్చునేవారు. చెవి వెనక ఎముక సరిగ్గా ఆ చెక్కకి తగిలేట్టు తల వాల్చేవారు. ఆ చెక్క అదురు ఎముకలోంచి పోయి ఆవిడకి మాటలు తెలిసేవి. వార్తలయ్యాక కొట్టులో కూర్చుని అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవారు.

దాచడం ఎందుకంటే, ఆవిడ అత్తగారికి కూడా వినపడేది కాదట. ఆ ముసలావిడ ఎదుటే కూర్చుని ఆవిడ గురించి ఇంట్లో వాళ్ళు నవ్వుకునేవారట. ఆ కథ నాకు మా అత్తగారే చెప్పారు, ఎవరి సంగతో చెప్తున్నట్టు.

బావగారికి అనుమానం వచ్చింది. బజారులో ఆవిడ వెనక ఎడ్ల బండి గంటలు మోగించుకుంటూ వస్తుంటే పక్కకి జరగలేదని ఎవరో చెప్పారు. ఆయన నందిగామ నుంచి వచ్చి మీ తాతగారిని దొడ్లోకి పిలిచారు.

"ఏరా, అమ్మకి చెవులు పనిచేస్తున్నాయా?"

"నీకంటే బాగా వింటుంది. రోజూ వార్తలన్నీ మాకు చెప్పేది ఎవరనుకున్నావ్?"

"వినపడకపోతే మాత్రం కొట్లో కూర్చోబెట్టద్దు. ఒకటంటే ఒకటి విందంటే నవ్వులపాలవుతాం. నా దగ్గరకి తీసుకుపోతా. మీ వదిన చూసుకుంటుంది, ఓ మూల హాయిగా కూర్చుంటుంది."

ఓ మూల. నేను బావి దగ్గర గిన్నెలు తోముతూ ఆ మాట విన్నాను. ఆయన చెడ్డవాడు కాదు తల్లీ, తల్లి బండి కింద పడుతుందేమో అన్న బెంగ ఆయనది. కానీ కొట్టు నుంచి లేపి మూల కూర్చోబెడితే ఆవిడ బతకరు అని నాకు తెలుసు. ఆవిడకి వినపడుతుంది అనడానికి ఆ ఇంట్లో ఉన్న సాక్ష్యమల్లా ఆ రేడియో ఒక్కటే.

సరిగ్గా అప్పుడే దానికి పోయేకాలం వచ్చింది. ముందు కన్ను మసకబారింది. తర్వాత మాట వస్తూ పోతూ ఉండేది, పక్కన చరిస్తే మళ్ళీ పలికేది. ఒక సాయంత్రం కాలిన వాసన వచ్చి అసలు ఆగిపోయింది. నందిగామలో రేడియోలు బాగు చేసే అతన్ని పిలిపించారు. వెనక చెక్క విప్పి చూసి, వాల్వులు పోయాయి, బెజవాడ నుంచి రావాలి, వేసినా ఎన్నాళ్ళు పలుకుతుందో చెప్పలేను అని వెళ్ళిపోయాడు.

అత్తగారు "బాగు చేయించండి" అన్నారు. బావగారేమో ఎవరూ అడక్కుండానే ఒక సాయంత్రం సంచిలో కొత్త ట్రాన్సిస్టరు పెట్టుకుని బస్సు దిగారు. ఆ పూట చందర్లపాడు నుంచి మిరపకాయలు తెచ్చిన రైతులిద్దరు కొట్లోనే ఉన్నారు.

ఆ పెట్టె ఇంత బుల్లిది. దానికి కన్ను లేదు. ఆనుకుందామంటే చెక్కా లేదు.

"అమ్మా, వార్తల వేళైంది. నువ్వే తిప్పు," అన్నారు బావగారు.

అత్తగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ చూశారు. కన్ను కోసం వెతుకుతున్నారని తలుపు చాటున ఉన్న నాకు తెలుస్తూనే ఉంది. నాబు తిప్పారు. ఏదో పాట వచ్చి పోయింది. తర్వాత వార్తలు చదివే గొంతు గంటలా వినపడింది. వెనక నుంచి ఒక రైతు "ఆ, అదే, అదే" అన్నాడు. ఆవిడ ఆగలేదు. ఇంకా తిప్పి, పాత రేడియోలో ముల్లు ఎక్కడ ఉండేదో ఇక్కడా అక్కడికే తెచ్చి ఆపారు. అక్కడ గరగర తప్ప ఏమీ లేదు. ఆవిడ వెనక్కి వాలి, వింటున్నట్టు తల ఊపి, "బానే ఉంది," అన్నారు.

గరగర ఇల్లంతా నిండిపోయింది. బావగారి మొహం చూశాను. ఆయన కాటా దగ్గరున్న తమ్ముడి వైపు చూస్తున్నారు.

ఆ రోజుల్లో బావగారి ఎదట పడటమే తప్పు, మాట్లాడటం సంగతి చెప్పక్కర్లేదు. నేను కొంగు భుజం చుట్టూ కప్పుకుని వచ్చి, సరిగ్గా అత్తగారి మొహానికి ఎదురుగా నిలబడ్డాను.

"బానే ఉందా? ఎంత వెటకారం అత్తయ్యా మీకు! ఆ గరగర తప్ప ఒక్క ముక్క వినపడితే ఒట్టు!"

ఆవిడ కళ్ళు నా పెదాల మీద ఉన్నాయి. రెప్ప కూడా వెయ్యలేదు. అర్థమైందో లేదో అనుకునే లోపు ఆవిడ చెయ్యి తిప్పుతూ అందుకున్నారు.

"మరేం చెయ్యమంటావే? పెద్దాడు అంత దూరం మోసుకొచ్చాడు. మొహాన బాలేదని ఎట్టా చెప్పేది?"

రైతులు పకపకా నవ్వారు. బావగారు వంగి నాబు కొంచెం వెనక్కి తిప్పారు. వార్తలు వచ్చాయి.

"ఇదిగో, వస్తోందిగా!"

"నువ్వు తిప్పితే వస్తుంది నాయనా. రోజూ నందిగామ నుంచి వచ్చి తిప్పి పోతావా?"

మళ్ళీ నవ్వులు. గండం గడిచింది అనుకున్నాను. కానీ బావగారు మెల్లగా లేచి, నీళ్ళ కోసం అన్నట్టు ఆవిడ వెనక్కి వెళ్ళారు. అక్కడ నిలబడి, మామూలు గొంతుతో, "అమ్మా," అన్నారు.

ఆవిడ కదల్లేదు. నేను కళ్ళతో సైగ చేద్దామంటే బావగారు నన్నే చూస్తున్నారు. ఆయన మళ్ళీ నోరు తెరిచారు. అంతలో మీ తాతగారు కాటా దగ్గర నుంచి గబగబా వచ్చి తల్లి ముందు గొంతుక్కూర్చున్నారు.

"ఏంటమ్మా, అన్నయ్య వెనక నుంచి పిలుస్తుంటే పలకవ్? కోపమా?"

ఆవిడ టక్కున వెనక్కి తిరిగారు. "కోపం కాక ముద్దా? నన్నడక్కుండా కొత్తది తెస్తాడా? పాతది బాగు చేయించమని నేను చెప్పలా?"

బావగారు కాసేపు ముగ్గురినీ చూశారు. తర్వాత ట్రాన్సిస్టరు ఆపి సంచిలో పెట్టుకున్నారు. "సరేలే అమ్మా, నీ ఇష్టం. బజార్లో మాత్రం రోడ్డు వారగా నడువు," అన్నారు. ఆయనకి తెలిసిపోయిందనే నా నమ్మకం. మళ్ళీ ఎప్పుడూ నందిగామ రమ్మని మాత్రం అనలేదు.

మర్నాడే మీ తాతగారు రేడియోని దుప్పట్లో చుట్టి బస్సులో నందిగామ తీసుకెళ్ళారు. నందిగామకీ బెజవాడకీ మధ్య కీసర దగ్గర రోడ్డు బాలేదు కాబట్టి బెజవాడ నుంచి వాల్వులు రావడం ఆలస్యమైంది. ఆ రోజులన్నీ ఆవిడ మధ్యాహ్నం బస్సుకి వచ్చే పేపరు చదివి, సాయంత్రం అవే వార్తలు రైతులకి చెప్పేవారు. చివరికి రేడియో వచ్చింది. స్విచ్చి వేస్తే లోపల వేడెక్కి, పెట్టె ఖంగుమని పలికింది. కానీ కన్ను వెలగలేదు. కన్ను వెలిగించే వాల్వు దొరకలేదట.

అత్తగారు నాబు మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయారు. ముల్లు ఉండే చోటు సుమారుగా తెలిసినా, కన్ను లేకుండా సరిగ్గా ఎక్కడ ఆపాలో తెలియక. ఇంతా చేస్తే ఇదేమిట్రా దేవుడా అనుకున్నాను.

మీ తాతగారు పూజ గూట్లోంచి కుంకుమ భరిణ తెచ్చారు. స్టేషను తానే పెట్టి, గాజు పలక మీద ముల్లు ఆగిన చోట వేలితో చిన్న బొట్టు పెట్టారు. పని చేసిన పెట్టెకి పూజ చేస్తున్నట్టు, ఎవరివైపూ చూడకుండా. చెయ్యి తుడుచుకుని కొట్లోకి వెళ్ళిపోయారు.

ఆవిడ ఆ బొట్టు వైపు చాలాసేపు చూశారు.

"అమ్మాయ్, వీడికి ఎప్పట్నుంచి తెలుసు?"

నేను ఎదురుగా కూర్చుని, "నాకూ ఇప్పుడే తెలిసింది అత్తయ్యా," అన్నాను.

ముల్లుని బొట్టు మీదకి తెచ్చి, చెవి వెనక ఎముక చెక్కకి ఆనించి, కళ్ళు మూసుకున్నారు. "సరే, వార్తలయ్యేదాకా నన్నెవరూ కదిలించకండి," అన్నారు.

బొట్టు చెరిగినప్పుడల్లా మళ్ళీ పెట్టే పని నాదైంది.