డాక్టర్ వద్దన్న నూనె

మా బాపుకు కడుపులో క్యాన్సర్ అని తేలాక, బతుకుతాడా అని ఎవరూ అడగలేదు. బతకడని అందరికీ తెలుసు, ఆయనకు కూడా. మిగిలిన ఆశ ఒక్కటే, పోయేలోపు నాలుగు ముద్దలు తినాలి. మొఘల్‌పురాలో పప్పుల దుకాణం నడిపిన మనిషి. తిండి కోసమే పుట్టావని మా అమ్మ తిట్టేది. అలాంటివాడు కీమో మొదలయ్యాక పక్కింట్లో తాలింపు పెట్టినా బకెట్ కోసం చెయ్యి చాచేవాడు. వాంతులకు ఇచ్చిన మాత్రలు కూడా వాంతిలోనే బయటికి వచ్చేవి.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. చదవడం తప్ప ఇంకేం చేతకాదు కాబట్టి చదివాను. గంజాయి మొక్కలో ఉండే పదార్థాల్లాంటివి మన ఒంట్లోనూ తయారవుతాయట. ఆకలి, వికారం, నొప్పి, నిద్ర, వీటన్నిటి మీదా వాటి పెత్తనం ఉంటుందట. దాన్ని ఎండోకన్నబినాయిడ్ వ్యవస్థ అంటారు. ఇన్నేళ్లు పిల్లలకు నరాలూ గ్రంథులూ చెప్పిన నాకు ఆ పేరే తెలియదు. కొన్ని దేశాల్లో కీమో వాంతులకు ఆ రకం మందులు ఇస్తారని, మన దగ్గర కూడా ఆయుర్వేద డాక్టర్ చీటీ మీద గంజాయి ఆకుతో చేసిన నూనె చట్టప్రకారమే దొరుకుతుందని తెలిసింది. చీటీ రాయించి తెచ్చాను. రోగం మాత్రం తగ్గదని ఆ డాక్టర్ ముందే చెప్పాడు.

నాలుక కింద చుక్కలు వేశాం. కొన్నాళ్లకు ఒక పొద్దున బాపు, "బిడ్డా, జర పెరుగన్నం కలుపు. మామిడికాయ తొక్కు గూడ ఎయ్యి," అన్నాడు. గిన్నె ఖాళీ చేశాడు. అది నూనె గుణమో, ఆయన మొండితనమో చెప్పలేను. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మళ్లీ కీమోకు పోయినప్పుడు పెద్ద డాక్టర్ విద్యార్థులను వెంటేసుకుని వార్డుకు వచ్చాడు. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగాడు. డాక్టర్ దగ్గర దాచకూడదు కదా, సీసా చూపించాను. లేబుల్ చదివి నవ్వాడు.

"ఏంటమ్మా, తండ్రికి గంజాయి అలవాటు చేస్తున్నారా?"

"సార్, ఎండోకన్నబినాయిడ్ సిస్టమ్ అని..."

"ఎండో ఏంటి? మేడమ్ మనకు క్లాస్ తీసుకుంటారంట, రాసుకోండి."

విద్యార్థులు నవ్వారు. నవ్వకపోతే మార్కులు పోతాయి. ఆయన బాపు మీదికి వంగి, "ఏం పెద్దాయనా, బాగా ఎక్కుతోందా? ఇవన్నీ వద్దు. పోలీసులొస్తే నన్ను పిలవకు," అన్నాడు. వార్డంతా తలలు తిప్పి చూసింది. బాపు దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. కీమోతో ఆ నూనె పడదేమో, ఆపి చూద్దాం అని డాక్టర్ చెప్పి ఉంటే నేనూ తలూపేదాన్ని. ఆయనకు తెలియదు. తెలియదని చెప్పడం నామోషీ.

ఆ విద్యార్థుల్లో ఒకమ్మాయి వెనకబడి, "మేడమ్, మాకా సిస్టమ్ గురించి చెప్పలేదు. మత్తుమందుల పాఠంలో గంజాయి మీద ఒక పేరా ఉంది, అంతే," అని గబగబా వెళ్లిపోయింది. పేషెంట్ ఆకలి ఏ పాఠంలో ఉందో అడుగుదామనుకున్నాను.

బాపు తమ్ముడు, మా చిన్నబాపు, మంచం పక్కనే ఉండి అంతా విన్నాడు. ఇంటికి రాగానే లొల్లి మొదలుపెట్టాడు. "ఇంట్ల గంజాయి పెడ్తవా? పోరగాళ్లకు పాఠాలు చెప్పెటోళ్లు జేసే పనేనా గిది? బస్తీల మన ఇజ్జత్ ఏం గావాలె?" సీసా తీసి బయట మురికి మోరీలో వంపేశాడు.

ఇంకోటి తెస్తానన్నాను. బాపు ఒప్పుకోలేదు. "వద్దు బిడ్డా. డాక్టర్ సాబ్ వద్దన్నడు. నన్ను గంజాయోణ్ని జెయ్యకు."

ఆ తర్వాత ఆయన నోట్లోకి ముద్ద పోలేదు. ఖాళీ కడుపుతోనే వాంతులు చేసుకుంటూ పోయాడు.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెడతారు. కాకి ముడితే వాళ్లే తిన్నట్టు. మటన్, బోటి, బగారా అన్నం, ఏదీ తక్కువ చేయలేదు. చిన్నబాపు జేబులోంచి విస్కీ క్వార్టర్ తీసి గ్లాసులో పోశాడు. "అన్నా, నీకిష్టమే గదనే, తాగు," అని భోరుమన్నాడు. ఆదివారాలు ఇద్దరూ కలిసి కూర్చునేవారు.

చుట్టాలందరూ వింటుండగా అడిగాను. "చిన్నబాపూ, ఇది పోసేముందు డాక్టర్‌ను అడిగినవా?"

ఆయన ఏడుపు ఆగిపోయింది. సీసాకు మూత బిగించి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. తగలాలనే అన్నాను. తగిలింది.