ఆరు సాంచెల మీద ఎర్ర బల్బులు

ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలనుకునే పిల్లలు ఫోన్ చేసి, మొదట ఏం కొనాలక్కా అని అడుగుతుంటారు. ఏమీ కొనొద్దంటాను. ఆ వస్తువు ఎవరి కోసం చేస్తున్నారో ఆ మనిషి పక్కన ఒక పూటంతా కూర్చోమంటాను. ఈ మాట వాళ్లకి నచ్చదు. నచ్చకపోతే పోనీ. అలా కూర్చోకుండా పని మొదలుపెట్టి నేనెంత బుద్ధి తెచ్చుకున్నానో నాకు తెలుసు.

మాది సిరిసిల్ల. మరమగ్గాలను మేం సాంచెలంటాం. మా బాపు ఒక సేటు కార్ఖానాలో ఆరు సాంచెలు నడుపుతాడు. ఆ మోతలో బతికినవాళ్లం కాబట్టి మా ఇళ్లలో ఎవరూ మెల్లగా మాట్లాడరు. పక్కన కూర్చున్న మనిషిని ఉప్పు అడగాలన్నా అరిచే అడుగుతాం, సగం మాటలు చేతులతోనే చెప్తాం. జగిత్యాలలో డిప్లొమాలో చేరాక, ఎవరితో కొట్లాడుతున్నావని హాస్టల్ పిల్లలు అడిగేదాకా ఆ సంగతి నాకే తెలియదు.

పోయిన వానాకాలం బాపు నేసిన గుడ్డలో రెండుసార్లు చారలు వచ్చాయి. అడ్డపోగు తెగిన తర్వాత కూడా సాంచె ఆగకుండా నడిస్తే గుడ్డలో అలా పలచటి చార పడుతుంది. పోగు తెగగానే సాంచెను ఆపడానికి ఒక చిన్న ఇనుప ముల్లు ఉంటుంది కానీ, ఆ పాత సాంచెలకు ముల్లు కింది మీట అరిగిపోయి ఏళ్లయింది. నడిపేవాళ్లు అంత మోతలోనూ తేడా విని పసిగట్టి పరుగెత్తి ఆపుకుంటారు. సేటు గుడ్డ విప్పి చూపించి, "ఇంకొక్కసారి గిట్ల అచ్చిందంటే సాంచెలు వేరేటోల్లకు ఇస్త" అన్నాడట. బాపు వయసు మనిషికి మళ్లీ ఎవరూ సాంచెలివ్వరు.

నేను కోరుట్లలో అత్తగారింట్లో ఉంటున్నాను. అమ్మ ఫోన్లో ఈ సంగతి చెప్పగానే, బాపు అలసిపోతున్నాడు, పోగు తెగితే గట్టిగా మోగే బజర్ ఒకటి చేద్దాం అనుకున్నాను. ముల్లుకి చిన్న అయస్కాంతం అతికించి, దాని పక్కన అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే గాజు స్విచ్ పెట్టాలి. పోగు ఉన్నంతసేపు ముల్లు ఊగుతుంది, తెగితే ఊగదు. రెండు సెకన్లు ఊగకపోతే బజర్ మోగాలి. కోరుట్లలో ఈ సామాను అమ్మే అతను, "స్కూల్ ప్రాజెక్టా అక్కా? పిల్లగాడు ఏ క్లాసు?" అన్నాడు. "పిల్లగాడు లేడు. నాకే, ఆరు సాంచెలకు పెడుత" అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు నేనింకా మరిచిపోలేదు.

సిరిసిల్లలో మా వంటింట్లో నేల మీద అన్నీ పరిచి, బాపుని ఎదురుగా కూర్చోబెట్టి చూపించాను. అయస్కాంతాన్ని చేత్తో ఊపి, ఆపి, రెండు సెకన్లు కాగానే "ఎట్లుంది బాపూ?" అని అడిగాను.

"మంచిగ మోగుతంది బిడ్డా" అన్నాడు.

అది మోగలేదు. బ్యాటరీ వైరు ఊడిపోయి ఉంది.

ఊడిన వైరు చేతిలోకి తీసుకున్నాను. ఎన్నేళ్లుగా మా పెదవులు చూసి జవాబు చెప్తున్నాడో! అందరం అరుస్తూ, చేతులు తిప్పుతూ మాట్లాడుకునే ఇంట్లో ఒక మనిషికి వినపడటం లేదని ఎవరం కనిపెట్టలేకపోయాం. ముందు ఏడుపొచ్చింది. ఆ వెంటనే నా మీద నాకే ఒళ్లు మండింది.

బజర్లు పీకేసి, ప్రతి సాంచె మీదా ఎర్ర బల్బు పెట్టాను. మొదటి రోజే మూడు చెడిపోయాయి. వంటింట్లో పనిచేసింది కార్ఖానాలో పనిచేస్తుందని నమ్మకండి. ఆ అదురుకి టంకం వేసిన చోటల్లా వైర్లు తెగాయి. వైర్లను కదలకుండా దారంతో బిగించి కట్టాలి. నూలు పొట్టు బోర్డు మీద పేరుకోకుండా మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి. మోటార్లు నడిచే లైను నుంచే దీనికీ కరెంటు తీసుకుంటే మోటారు వేసిన ప్రతిసారీ బల్బులు పిచ్చిపిచ్చిగా వెలుగుతాయి, కాబట్టి దీనికి బ్యాటరీ వేరుగా ఉండాలి. నేను చూసిన ఏ వీడియోలోనూ ఇవి చెప్పలేదు.

సాంచెలు బాగుచేసే మేస్త్రీ కార్ఖానా బయట నన్ను చూసి, "ఫోన్ల చూసి సాంచెలు బాగుచేస్తున్నవా?" అన్నాడు.

"నువ్వు మీటలు బాగుచేస్తే నేనెందుకొస్త కాకా?" అన్నాను. మళ్లీ నా జోలికి రాలేదు.

అసలు అడ్డం పడింది బాపు. సాయంత్రం ఇంటికి రాగానే, "తియ్యవే గవన్ని! గా బల్బులు చూస్తే నాకు చెవుడని అందరికి ఎర్కయితది" అన్నాడు.

"ఎర్క కానియ్. గా సాంచెలే నీ చెవులు తిన్నయి. సిగ్గు నీకెందుకు? నేనైతే తియ్య" అన్నాను, అతని ముఖానికి ఎదురుగా నిలబడి, ప్రతి మాటా కనపడేలా.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను కోరుట్ల వెళ్లలేదు. రోజూ టంకం సామాను పట్టుకుని కార్ఖానాకి పోయాను.

మూడో రోజు సేటు వచ్చాడు. బల్బులు చూసి ఇవేంటని చేత్తో అడిగాడు. నేను ముందుకెళ్లబోతే బాపు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. తన చెవిని ముట్టుకుని, లేదన్నట్టు చెయ్యి ఊపాడు. తర్వాత బల్బు చూపించాడు. తర్వాత నన్ను చూపించాడు. కార్ఖానాలో అందరూ చూస్తున్నారు. ఆ చేతుల భాష రానివాళ్లు అక్కడ ఎవరూ లేరు.

సేటు ఏదో అనబోయేలోపే నాలుగో సాంచె మీద బల్బు వెలిగింది. బాపు సేటుని అక్కడే వదిలేసి వెళ్లి సాంచె ఆపాడు. గుడ్డను కాస్త వెనక్కి తిప్పి, పోగు తెగిన చోటు నుంచి సరిచేసి మళ్లీ నడిపాడు. సేటు వెనకాలే వచ్చి గుడ్డ మీదికి వంగి, చార కోసం వేలితో తడుముతూ వెతికాడు. వెతుక్కోనీ అని నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. దొరకలేదు.