పక్కింటి అక్క క్యాబేజీ సీసా

నా చిన్నప్పుడు ఒక చలికాలమంతా మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆ ఏడు మా పత్తిని తెల్లదోమ తినేసింది. ఎన్నిసార్లు మందు కొట్టినా ఆకు నల్లబడి, కాయ విచ్చకముందే చేను ఎండిపోయింది. అప్పటినుంచి మా నాన్నకు మాటలు తగ్గిపోయాయి. ముందు మాతో, తర్వాత అమ్మతో, చివరికి ఎద్దులతో కూడా మాట్లాడటం మానేశాడు. పొద్దుగూకే వేళ పెరట్లో పాకలోకి వెళ్లి కూర్చునేవాడు. మిగిలిపోయిన పురుగుమందు డబ్బా ఉండేదీ అక్కడే. నాన్న అటు వెళితే వెంటనే తనకు చెప్పమంది అమ్మ. ఎందుకని అడిగితే కసిరింది. నాకేమీ అర్థం కాలేదు కానీ, ఆ పాక వైపు చూడాలంటే భయం వేసేది.

మా పక్కింటి అక్క మిషన్ ఆసుపత్రిలో నర్సు. నాన్నను ఆమె అన్నయ్యా అన్నా, ఊళ్లో అందరిలాగే మేమూ ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లం. అక్కడ కొన్నాళ్లు పనిచేసి వెళ్లిన ఒక తెల్ల నర్సమ్మ ఆమెకు క్యాబేజీ పులియబెట్టడం నేర్పిందట. ఒకరోజు అక్క క్యాబేజీ సన్నగా తరిగి, ఉప్పు వేసి, నీరు కారేదాకా రెండు చేతులా పిసికి, మర మూత ఉన్న గాజు సీసాలో కుక్కింది. క్యాబేజీ కూరే ఒక కంపు, దాన్ని పులియబెట్టి మరీ తినాలా అని మా నాయనమ్మ ముక్కు మూసుకుంది. లోపల గాలి పుడుతుందనీ, రోజూ మూత తిప్పి వదలకపోతే సీసా పగులుతుందనీ అక్క చెప్పింది. ఆ మాత్రానికి పచ్చడి జాడీకి కట్టినట్టు గుడ్డ కడితే పోదా అంది నాయనమ్మ. అక్క ఆ మాట పట్టించుకోకుండా మర మూతే బిగించింది. తన చేతికి ఆ మూత రావడం లేదనీ, రోజూ సాయంత్రం వచ్చి తిప్పిపెట్టమనీ నాన్నను అడిగింది.

కాదనలేక నాన్న వెళ్లేవాడు. వెనకాలే నేనూ వెళ్లేదాన్ని. మూత తిప్పగానే సీసా బుస్సుమనేది. అక్క ఆయనకు టీ ఇచ్చి, ఆసుపత్రి కబుర్లు చెబుతూ కూర్చోబెట్టేది. నాన్న ఊ కొట్టి లేచి వచ్చేసేవాడు.

ఒక సాయంత్రం నాన్న అక్క ఇంటికి వెళ్లలేదు. పాకలోకి వెళ్లి తడిక వేసుకున్నాడు. మిరపకాయల కోతకు వెళ్లిన అమ్మ ఇంకా రాలేదు. నేను అక్క దగ్గరికి పరుగెత్తాను. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా, సీసాను చంకన పెట్టుకుని వచ్చింది. మూత నడుమ ఉబ్బి ఉంది. అక్క తడిక తోయలేదు. దాని ముందు నిలబడి మామూలు గొంతుతోనే పిలిచింది.

“అన్నయ్యా, మూత ఉబ్బిపోయింది. పిల్ల ఇక్కడే ఉంది. పగిలితే దాని మొహాన పడుద్ది. నువ్వొచ్చి తిప్పు.”

లోపల అలికిడి లేదు. సీసాలో బుడగలు పైకి పాకుతుంటే చూస్తూ నిలబడ్డాను.

“నేను కదలను అన్నయ్యా. దీన్ని కింద కూడా పెట్టను.”

చాలాసేపటికి తడిక కదిలింది. డబ్బా లోపల నేల మీద ఉంది, మూత తీయలేదు. నాన్న సీసా అందుకుని, పెంకులు ఎగిరినా నాకు తగలకుండా నా వైపు వీపు తిప్పి నిలబడి, మూత తిప్పాడు. నురగ పొంగి మోచేతుల దాకా కారింది. ఆ పుల్లటి నీళ్లు కారుతుండగానే నాన్న గట్టిగా ఏడ్చాడు.

“చెప్పన్నయ్యా, వింటాను” అంది అక్క.

నాన్న చెప్పాడు. అమ్మ వచ్చాక కూడా చెబుతూనే ఉన్నాడు. వెళ్లేటప్పుడు అక్క ఆ డబ్బా తీసుకుపోయింది.

కొన్నేళ్లకు ఆసుపత్రిలో అక్కను చూశాను. బిగుసుకున్న ఆక్సిజన్ సిలిండర్ మరను ఒంటి చేత్తో తిప్పేసింది. ఆ చేతికి సీసా మూత రాలేదట! నాన్నకు ఎప్పుడో తెలిసే ఉంటుంది. ఆయన బాగా ముసలివాడై, మనవళ్ల మీద విసుక్కుని, తృప్తిగా పోయాడు.

పులిసిన క్యాబేజీ అంటే నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. అయినా ఏటా పెడతాను, మర మూత సీసాలోనే. ఈ ఏడు మిర్చి ధర పడిపోయింది. మా పెద్దాడు రెండు రోజులుగా అన్నం దగ్గర తల ఎత్తడం లేదు. ఇందాకే వాణ్ణి వంటింట్లోకి పిలిచాను, నా చేతికి మూత రావడం లేదని. వాడు వచ్చేలోపు రెండు పీటలు వేశాను.