నేను పాతిన కూసాలు, నేను తెచ్చిన చక్రాలు

మొన్న పొద్దున నా జీపు ముందు సగం నా చేన్లో ఉండాది, వెనక సగం దావలో ఉండాది. మధ్యలో నేను స్టీరింగు పట్టుకోని కూర్చోనుండా. ఇది ఎట్ల జరిగిందో నేనే చెప్తా. ఊర్లోవాళ్లు చెప్పేది నమ్మొద్దండి, వాళ్లు కలిపి చెప్తారు.

పోయిన వానకు నా జీపు చేన్లో బురదలో దిగబడింది. అవతల చేను మా చిన్నాయన కొడుకు చిన్నప్పది. వాడు ట్రాక్టరు మీద కూర్చోని చూసినాడు గానీ, లాగేదా అని అడగలేదు. అడిగినా నేను ఒప్పుకోను, అది వేరే సంగతి. మాకు మాటల్లేవు. వాడి ట్రాక్టరు నా చేన్లో నుంచి అడ్డంగా పోతాందని, చేను మొదట్లో దావకు రెండు పక్కలా నడుమెత్తు రాతి కూసాలు నిలువుగా పాతిస్తి. నా జీపు పట్టల్ల, వాడి ట్రాక్టరు పట్టకూడదు. అంత కరెక్టుగా కొలిచి పాతిస్తి. అప్పట్నించీ వాడు చుట్టు తిరిగి పోతాండాడు.

బురదలో ఇరుక్కున్న రోజే అనుకుంటి, వాడి ట్రాక్టరుతో ఈ జన్మలో పని పడకుండా మంచి టైర్లు ఎయ్యల్లని.

పుంగనూర్లో టైర్ల అంగడి ఉండాది. ఆయప్ప ఒకసారి నన్ను నిలబెట్టి మాట్లాడినాడు, కూర్చో అనలేదు. ఆడికి పోను. మదనపల్లెలో ఇంకొకాయన నా జీపును చూసి "ఇది ఇంకా నడుస్తాందా" అన్నాడు. ఆడికీ పోను. అందుకని కుప్పం పోతి.

కుప్పంలో అంగడాయన బాషా భాయి మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ ఏసి టీ తెప్పించినాడు. టైరు మీద నంబర్లు నాకు తెలీవు, దారం తీసి కొలిస్తి. ఎత్తు కొలిస్తి, నట్ల బొక్కలు కొలిస్తి, స్టీరింగు ఈ పక్కకూ ఆ పక్కకూ తిప్పించి టైరు యాడన్నా రాసుకుంటాదేమో చూస్తి. భాయికే విసుగొచ్చింది.

"అప్పా, ఈ వీలు వెడల్పుది. బాడీ దాటి రెండు పక్కలా బయటికొస్తాది. బురదలో బాగుంటాది. మీ ఊర్లో సందులు సన్నంగా ఉంటాయా?"

"నా దావ నేనే కొలిచి పెట్టుకున్నా భాయి. నువ్వు బిగించు."

మరుసటి రోజు టమోటా తొలి కోత. కోసిన కాయంతా క్రేట్లలో చేన్లోనే ఉండాది. మదనపల్లె మండీలో వేలం ముగిసేలోపల చేర్చల్ల. కొత్త టైర్లు అందరూ చూస్తారని కొంచెం స్పీడుగానే వస్తి. కూసాల మధ్య ముందు చక్రాలు కిర్రుమని, రబ్బరు నలిగి అవతలికి పోయినాయి. వెనక చక్రాలు పోలేదు. రివర్సు ఏస్తే ముందువి రాలేదు.

మా ఇంటామె క్రేట్ల కాడ నిలబడి చూసింది. గోనెపట్టా తెచ్చి క్రేట్ల మీద కప్పింది. తిట్టింటే బాగుండు. నారు నాటింది ఆమె, నీళ్లు కట్టింది ఆమె. ఎండ ఎక్కుతాంది, కాయ మెత్తబడతాంది.

అప్పుడొచ్చింది ట్రాక్టరు. నాతో మాటల్లేవు గదా, చిన్నప్ప మా ఇంటామెను అడిగినాడు.

"వదినా, అన్న ఎందుకు ఆడ కూర్చోనుండాడు?"

"గాలికి," అనింది ఆమె.

"జీపును లాగితే టైర్లు చీల్తాయి వదినా. కొత్తవి మాదిరుండాయి. ఒక కూసం పీకితే సాలు. కానీ అది అన్న పాతింది. అన్న చెప్పకుండా నేను ముట్టను."

"పీకమని చెప్పు," అంటి మా ఇంటామెతో.

"ఆయప్పకు చెవులుండాయి. నీకు నోరుండాది. నా టమోటాలు ఆడ ఉడికిపోతాండాయి."

నేను స్పీడు మీటరు పక్క చూస్తి. అది కూడా సున్నా దగ్గరే ఉండాది.

"పీకప్పా, చిన్నప్పా."

వాడు నవ్వలేదు. అదొక్కటి వాడి మంచితనం. గొలుసు కట్టి ఒక్క లాగు లాగినాడు, కూసం ఊడొచ్చేసింది. క్రేట్లు వేలానికి ఆఖర్లో చేరినాయి. చేరినాయి గదా, అది సాలు.

నిన్న కూసం మళ్లా పాతిద్దామని దారం తీసుకోని పోతి. ఎట్ల కొలిచినా ఒకటే లెక్క. నా జీపు పట్టేంత పెడితే వాడి ట్రాక్టరూ పడతాది. దారం చుట్టి జేబులో పెట్టుకోని వస్తి. వాడిప్పుడు నేరుగా నా చేన్లోనే పోతాండాడు. నన్ను చూస్తే హారను కొడతాడు.

ఇంటికొచ్చినోళ్లు "టైర్లు బాగుండాయే, యాడ తెచ్చినావప్పా?" అంటే నాకంటే ముందు మా ఇంటామె చెప్తాది.

"కుప్పంలో. చిన్నప్ప ట్రాక్టరుకు దావ ఇయ్యల్లని అంత దూరం పోయి తెచ్చినాడు."