పాత లెక్కలు తీసేసిన ఎండాకాలం

ఆ రోజుల్లో కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవాళ్లం. గుళ్లోకి పొరపాటున చెప్పులతో అడుగుపెట్టి నాలిక కరుచుకున్నవాళ్లను చూశాను గానీ, కంప్యూటర్ గది ముందు అలాంటి పొరపాటు చేసినవాళ్లను చూడలేదు. దానికి దుమ్ము పడదు, ఎండ పడదు, తేమ పడదు. అందుకని దానికొక తలుపు, తలుపుకొక తెర, గదిలో ఒక ఏసీ, సాయంత్రం కప్పి వెళ్లడానికి పువ్వుల గుడ్డ. ఇంత సేవ చేయించుకుని అది చేసే కూడికలు, మా తాత వేళ్ల కణుపుల మీద చేసే కూడికల కన్నా కొంచెం మెల్లగానే తెమిలేవి. అయినా దాన్ని ఎవరూ పల్లెత్తు మాట అనేవారు కాదు. తప్పంతా దాన్ని నడిపేవాళ్లదేనని లోకం గట్టిగా నమ్మేది. ఆ నడిపేవాళ్లలో నేనొకణ్ణి.

తొంభైల మొదట్లో డిగ్రీ అయిపోయి, ఆపైన ఒక కంప్యూటర్ కోర్సు కూడా అయిపోయి, చిక్కడపల్లిలో ఒక మిఠాయి దుకాణం పై అంతస్తులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. ఆఫీసు అంటే రెండు బల్లలు, ఒక కంప్యూటర్, మా బాస్. ఆయన బందరు వైపు నుంచి వచ్చిన మనిషి. వ్యాపారుల పద్దులు చూసే ప్రోగ్రాం ఒకటి సొంతంగా రాసి, నారాయణగూడ నుంచి అంబర్‌పేట దాకా దుకాణాలకు అమ్మాడు. అమ్మడం ఆయన పని, అమ్మాక వచ్చే తిట్లు తినడం నా పని. నన్ను ట్రైనీ అనేవారు. (ట్రైనీ అంటే పని చేసేటప్పుడు అందరితో సమానం, జీతం తీసుకునేటప్పుడు మాత్రం ఇంకా నేర్చుకుంటున్నవాడు.) మా ఇల్లు అశోక్‌నగర్‌లో. నాయన సర్కారు దఫ్తరులో గుమాస్తా. మా వీధి చివర కొత్తగా పోటీ పరీక్షల కోచింగ్ సెంటరొకటి వెలిసింది. ఆయన పొద్దున దాని ముందు నుంచే ఆఫీసుకు వెళ్లేవాడు, సాయంత్రం దాని ముందు నుంచే వచ్చేవాడు, రెండు పూటలా అక్కడికి రాగానే ఆయనకు నేను గుర్తొచ్చేవాణ్ణి.

"జూన్ల కొత్త బ్యాచ్ షురూ అయితదట," అన్నాడు ఒకరోజు అన్నం కలుపుకుంటూ. "గప్పటిదాంక నీ కొలువు పర్మనెంట్ అయితే సరే. లేకుంటే గ్రూప్ టూకు కూసోవాలె. మళ్ల నన్నేమనొద్దు."

నాకు పరీక్ష అంటే భయం లేదు. ఆ సెంటర్లో ఏళ్ల తరబడి చదువుతున్న మా వీధి అన్నలు, టీ బండి దగ్గర నిలబడి కొత్తగా చేరినవాణ్ణి చూసి నవ్వే నవ్వంటేనే భయం. అందుకని ఎలాగైనా బాస్ మెప్పు పొందాలని కాచుకుని ఉన్నాను.

ఆ అవకాశం ఏప్రిల్‌లో ఎండలతో పాటే వచ్చింది. నారాయణగూడ చౌరస్తా దాటి హైదర్‌గూడ వైపు వెళ్లే దారిలో ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ దుకాణం ఒకటి మా ఖాతాదారు. దాని యజమానిని అందరూ సేఠ్ అనేవాళ్లు. తాతల నాటి నుంచీ హైదరాబాద్ మనిషి. గోడల నిండా ఫ్యాన్ల డబ్బాలు పేర్చిన ఆ దుకాణంలో తిరిగే ఫ్యాను ఒక్కటే ఉండేది, అదీ సేఠ్ కూర్చునే గల్లా మీద. (తిప్పిన ఫ్యాను పాతదైపోతుందని ఆయన వాదన.) ఏసీ మాత్రం వెనక గదిలో కంప్యూటర్‌కు పెట్టించాడు. సరుకు కొనడానికి వచ్చిన చిల్లర దుకాణాల వాళ్లు (వ్యాపార భాషలో 'పార్టీలు') బిల్లు కోసం ఆ గదిలోకే వెళ్లాలి. ఆ బిల్లు ఎంతకీ రావడం లేదని సేఠ్ మా బాస్‌కు ఫోన్ చేశాడు.

"ఏదో ఒకటి చేసి చల్లార్చి రావయ్యా," అన్నాడు బాస్. "ఆయన చేజారితే ఆ లైన్లో దుకాణాలన్నీ చేజారతాయి. ఇది చక్కబెట్టావంటే నీ పర్మనెంట్ సంగతి చూద్దాం."

వెళ్లి చూద్దును కదా, ఏసీ గదిలో కంప్యూటర్ ముందు ఆపరేటరక్క, పక్క బల్ల దగ్గర పెద్ద అకౌంటెంటు. ఆయన రాజమండ్రి వైపు నుంచి చాలా ఏళ్ల కిందట వచ్చినవారు, అందరూ ఖాతాగారు అనేవారు. బెంచీ మీద నలుగురైదుగురు పార్టీలు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. అక్క ఒక పార్టీ పేరు కొట్టింది, మీట నొక్కింది, బల్ల కింది నుంచి బుట్ట తీసి చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టింది. ఖాతాగారు పేపర్లో రెండో పేజీ తిప్పారు.

"ఎంతసేపు పడుతుంది అక్కా?"

"గిప్పుడే గదా తమ్మీ నొక్కింది. జర కూసో. చాయ్ తాగుతవా?"

చాయ్ తాగుతూ తెర వైపు చూస్తూ ఉంటే రోగం అర్థమైంది. బిల్లు కొట్టే ముందు మా ప్రోగ్రాం ఆ పార్టీ బాకీ ఎంతో చూపించేది. ఆ బాకీ తేల్చడానికి, దుకాణంలో కంప్యూటర్ పెట్టిన మొదటి రోజు నుంచి అందరి పద్దులూ ఒక్కొక్కటే తిరగేసుకుంటూ వచ్చేది. ఎప్పుడో చెల్లిపోయి, ఎవరికీ అక్కర్లేని పద్దులు కూడా. టైమెంతయిందని అడిగితే తాను పుట్టిన నక్షత్రం నుంచి చెప్పుకొచ్చే పెద్దమనుషులు ఉంటారే, అలాగన్నమాట. మందు కూడా తోచింది. పాత సంవత్సరాల లెక్క తేల్చి, మిగిలిన మొత్తం ఒక్కటే కొత్త సంవత్సరం మొదట్లో వేసుకుని, పాత పద్దులన్నీ ఫ్లాపీల మీదికి ఎక్కించి పక్కన పెడితే చాలు. ఇదే మాట సేఠ్‌తో చెప్పాను.

"లెక్కలు తీసేస్తవా?" అన్నాడు.

"తీసెయ్యడం కాదు సేఠ్, వేరే దగ్గర పెడత."

"వేరే దగ్గరంటే ఏడ?"

ఫ్లాపీ చూపించాను. దాన్ని అటూ ఇటూ తిప్పి, "మా నాయిన కాలం నుంచి చేసిన వ్యాపారం గింతల పట్తదా?" అన్నాడు నొచ్చుకున్నట్టు. ఒక్కదానిలో పట్టదు, పెద్ద డబ్బా కావాలి అన్నాక కాస్త తేరుకున్నాడు. ఖాతాగారు మాత్రం ఒప్పుకోలేదు. "అలా కాదండీ బాబూ. పాత లెక్కలంటే ఇంటికి పునాదండీ. కంటికి కనపడటం లేదని తవ్వి పక్కన పెడతామంటే ఎలాగండీ?" అన్నారు. సేఠ్ ఫ్లాపీని బల్ల మీద పెట్టాడు. "పోయినేడు వాస్తు ఆయన చెప్తే కంప్యూటర్ మొకం ఉత్తరం దిక్కు తిప్పిచ్చిన. నిమ్మకాయ కట్టిచ్చిన. ఏసీ ఇంకింత సల్లగ చేపిచ్చిన. ఏం ఫరక్ పడలే. ఇగ ఇది గూడ చేసి సూద్దాం," అన్నాడు. నేను నేర్చిన శాస్త్రానికి నిమ్మకాయ తర్వాతి స్థానం దొరికిందని సంతోషించి పనిలో దిగాను.

ఆదివారం దుకాణం మూసి ఉండగా పని పూర్తి చేశాను. ఫ్లాపీల డబ్బాకు అక్క కుంకుమ బొట్టు పెట్టింది, సేఠ్ దాన్ని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. సోమవారం మొదటి పార్టీ పేరు కొట్టి అక్క చిక్కుడుకాయల బుట్ట అందుకోబోయేలోపల ప్రింటర్ గరగరమంది. అక్క బెదిరిపోయింది. "ఏమైంది తమ్మీ, ఖరాబైందా?" అంది. బాగుపడిందని నమ్మించడానికి ఇంకో రెండు బిల్లులు కొట్టించాల్సి వచ్చింది. సేఠ్ గల్లా దగ్గరి నుంచి లేచి వచ్చి నా భుజం తట్టాడు. ఆ సాయంత్రం అశోక్‌నగర్‌కు సైకిల్ తొక్కుతూ, కోచింగ్ సెంటర్ ముందు కావాలనే బెల్లు కొట్టాను.

నా సంతోషం ఆ వారం కూడా నిలవలేదు. ఎండలు ముదిరాయి. అంబర్‌పేటలో దుకాణం ఉన్న ఒక అన్న స్కూటర్ మీద చెమటలు కక్కుకుంటూ వచ్చి, ఏసీ గదిలో బెంచీ మీద ఇలా కూర్చున్నాడో లేదో, అక్క బిల్లు చేతిలో పెట్టింది. "గింత ఎండల పడొస్తే, నడుం వాల్చకముందే పొమ్మంటున్నరా?" అని అలిగి వెళ్లిపోయాడు. బిల్లు చేతికొచ్చాక కూర్చోవడానికి ఎవరికీ సాకు లేదు. ఖాతాగారి పరిస్థితి ఇంకా ఘోరం. నెల లెక్కలు తేల్చమని మీట నొక్కితే, భోజనమూ ఆపైన చిన్న కునుకూ అయ్యేదాకా నడిచే పని, ఇప్పుడు క్యారియర్ మూత తీసేలోపల అయిపోతోంది. "మనిషన్నాక సంపాదకీయం చదువుకోవద్దుటండీ?" అని నన్నే అడిగారు.

సేఠ్ ఇంకో సంగతి కనిపెట్టాడు. బిల్లులు పొట్టివైపోతున్నాయి. అంతకుముందు పార్టీలు చల్లగా కూర్చుని ఉన్నంతసేపూ ఏదో ఒకటి గుర్తొచ్చేది. "అరే, హోల్డర్లు మర్సిన, రెండు డజన్లు ఎయ్యి," అనేవాళ్లు. మనిషికి జ్ఞాపకశక్తి చల్లగాలికి తప్ప పనిచెయ్యదని ఆ వేసవిలో తెలిసింది.

అసలు దెబ్బ కవాడిగూడ కాకా రూపంలో పడింది. ఆయన సేఠ్ తండ్రికి స్నేహితుడు. కవాడిగూడలో చిన్న మరమ్మతు దుకాణం. ఒంట్లో బాగాలేక చాలా రోజులు మూసేసి, మళ్లీ తెరిచి, ఒక వైరు చుట్ట కోసం వచ్చాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అక్క ఆయన పేరు కొట్టింది. చెరిపి మళ్లీ కొట్టింది.

"పేరు లేదంటున్నది కాకా."

"సరిగ్గ కొట్టు బిడ్డా."

మూడోసారీ లేదనే అంది. కాకా లేచి మెల్లగా గల్లా దగ్గరికి నడిచాడు. "మీ నాయిన ఈ దుకాణం షట్టర్ ఎత్తిన నాడు లోపలి వైరింగ్ చేసింది నేను. ఇప్పుడు నేను లేనంట. ఉన్ననా లేనా, నువ్వే చెప్పు కొడుకా."

సేఠ్ లేచి నిలబడ్డాడు. కూల్‌డ్రింక్ తెప్పించాడు, చేత్తో బిల్లు రాయబోయాడు. కాకా వద్దన్నాడు. "అందరికెట్ల వస్తదో నాకట్లనే రావాలె. నా పేరు వచ్చిన నాడు వస్త," అని కూల్‌డ్రింక్ ముట్టకుండానే వెళ్లిపోయాడు. జరిగింది ఇంతే. ఇటీవల ఏమీ కొనకుండా, బాకీ కూడా లేనివాళ్లు ఇక రారులే అనుకుని, వాళ్ల పేర్లు కూడా పాత పద్దులతో పాటు పంపించేశాను. పద్దులకైతే ఒప్పిన లెక్క మనుషులకు ఒప్పలేదు.

"లెక్కలు తీస్తనన్నవు. మనుషుల్ని గూడ తీస్తనని చెప్పలే," అన్నాడు సేఠ్. గట్టిగా అరిచినా బాగుండేది. మెల్లగా అన్నాడు.

ఇనప్పెట్టె తెరిపించి, పేర్లన్నీ ఫ్లాపీల నుంచి వెనక్కి తెచ్చాను. పేర్లకు పెద్ద బరువుండదు, కాబట్టి వేగం తగ్గలేదు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే సైకిల్ మీద కవాడిగూడ వెళ్లాను. కాకా నన్ను పైకీ కిందికీ చూసి, "నువ్వేనా నన్ను తీసింది?" అన్నాడు. అవునన్నాను. దుకాణం షట్టర్ సగం దించి, నా సైకిల్ క్యారియర్ మీద కూర్చున్నాడు. దారి పొడుగునా ఫ్యూజు ఎలా కట్టాలో నాకు నేర్పుతూ వచ్చాడు. ఏసీ గదిలో అక్క పేరు కొట్టగానే తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి. కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివి, తల ఊపాడు. ఆ ఊపు ఆగేలోపలే బిల్లు బయటికొచ్చింది. కాకా బిల్లు వైపు చూశాడు, బెంచీ వైపు చూశాడు, ఏసీ వైపు చూశాడు.

"గింతేనా? జర సేపు కూసుందామనుకున్న," అన్నాడు.

మర్నాడు సేఠ్ నన్నూ బాస్‌నూ పిలిపించాడు. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. "పేర్లొచ్చినయి, మంచిగున్నది," అన్నాడు సేఠ్. "ఇగ దాన్ని జర మెల్లగ చెయ్యున్రి."

మా బాస్ కనురెప్ప కూడా కదపలేదు. "తప్పకుండా సేఠ్. అది వేరే పనవుతుంది, దానికి విడిగా బిల్లుంటుంది," అన్నాడు. కస్టమర్ అనేవాణ్ణి ఎలా చూడాలో ఆ ఒక్క క్షణంలో నేర్చుకున్నాను. ఎంత మెల్లగా అన్న విషయం మీద పెద్ద చర్చ జరిగింది. ఖాతాగారు సంపాదకీయమూ ఆటల పేజీ కూడా పూర్తయ్యేంత సమయం అడిగారు. అక్క చిక్కుడుకాయల లెక్క చెప్పింది. చివరికి సేఠ్ ఒక చాయ్ తాగేంతసేపు దగ్గర తెగ్గొట్టాడు, వానలు పడ్డాక అరకప్పుకు తగ్గించాలని షరతు. నేను కూర్చుని, కంప్యూటర్ ఏ కారణమూ లేకుండా అంకెలు లెక్కపెట్టుకునే నాలుగు వరుసలు రాశాను. అది లెక్కపెట్టుకుంటున్నంతసేపూ తెర మీద 'లెక్క చూస్తున్నాం, దయచేసి కూర్చోండి' అని ఇంగ్లీషు అక్షరాల్లో కనిపించేది. పార్టీలు కూర్చున్నారు. హోల్డర్లు గుర్తొచ్చాయి. అంబర్‌పేట అన్న అలక మాని వచ్చాడు. మే నెల చివర్లో బాస్ నన్ను పర్మనెంట్ చేశాడు.

నాయన ఆ వార్త విని, ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగాడు. "ఏం చేసినవని చేసిన్రు?"

"బిల్లు జల్ది వచ్చేటట్టు చేసిన నాయినా."

"మంచిదే."

"దాంతోని కాలే. మళ్ల ఆల్స్యంగ వచ్చేటట్టు చేసిన. గప్పుడు చేసిన్రు."

నాయన ముద్దను పప్పులో ఇంకోసారి అద్దాడు. "గట్లయితే ఇది గూడ సర్కారు కొలువే," అని ముద్ద తిన్నాడు. గ్రూప్ టూ మాట మా ఇంట్లో మళ్లీ వినపడలేదు.

ఆ తర్వాత పెద్ద పెద్ద ఆఫీసుల్లో పనిచేశాను. ఎన్నో వ్యవస్థల్లో పాత పద్దులను ఎక్కడెక్కడికో పంపించి, అన్నిటినీ పరుగులు పెట్టించాను. వాటిలో తన పేరు పోయిందని ఏ పెద్దాయనా గల్లా దాకా నడిచి వచ్చి అడగలేదు, ఇంకాస్త మెల్లగా చెయ్యమని ఏ సేఠూ కోరలేదు. మొన్న ఫోన్లో ఏదో బిల్లు కట్టబోతే తెర మీద గుండ్రటి చక్రం తిరగడం మొదలైంది. పక్కనున్న కుర్ర సహోద్యోగి విసుక్కుంటున్నాడు. ఎక్కడో ఏసీ గదిలో బక్కపలచటి ట్రైనీ ఒకడు, అర్థం లేని అంకెలు లెక్కపెట్టించడానికి మహా గంభీరంగా మొహం పెట్టుకుని కూర్చుని ఉంటాడనిపించింది. నవ్వొచ్చింది. నాకు మాత్రం ఎవరో జర కూసోమన్నట్టే తోచి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.